లోతూరులో ఊడిన మొదటి పన్ను

రోజు 2,904

ఉదితకు కింది వరసలో ముందు పన్ను, ఎడమవైపుది, కదులుతోంది. వేలితో నెడితే ముందుకు ఒక మిల్లీమీటరు, వెనక్కి అర మిల్లీమీటరు. వయసు ఆరేళ్ళ నాలుగు నెలలు. ఎత్తు, బరువు, పిడికిలి బలం నిన్న ఎంతో ఇవాళా అంతే.

ఈ కొలతల పుస్తకంలో పన్ను ఊడడానికి ఇంతవరకు గడి లేదు. ఇవాళ స్కేలు పెట్టి గీశాను. చంద్రుడి మీద, మా లోతూరులో పుట్టిన పిల్లలు తొమ్మిది మంది. అందరిలో పెద్దది నా మనవరాలు. దానికి ఏం జరిగినా ఇక్కడ అది మొదటిసారే జరిగినట్టు.

బడి మొదలుపెట్టే ముందు రోజూలాగే బిళ్ళలు ఇచ్చాను. మూడేళ్ళు దాటిన ఐదుగురికి తలా ఒక సున్నం బిళ్ళ, గ్రాము బరువు. భూమి మీద ఉండే బరువులో ఇక్కడ మనిషికి ఆరో వంతే ఉంటుంది. మొయ్యడానికి ఏమీ లేకపోతే ఎముక గట్టిపడడం మానేస్తుంది. అందుకే ఈ బిళ్ళ. డబ్బాలోంచి ఐదు తీశాను, పుస్తకంలో ఐదు టిక్కులు పెట్టాను.

ఉదిత చెయ్యెత్తింది. "అమ్మమ్మా, పన్ను ఊడితే ఇంటి కప్పు మీదకి విసరాలంట కదా?"

"బళ్ళో టీచరుగారు అనాలి. ఎవరు చెప్పారు?"

"అమ్మ చెప్పింది. మట్టి ముద్దలో పెట్టి, గడ్డిపరక గుచ్చి విసిరితే కొత్తది వస్తుందంట. మన కప్పెక్కడ టీచరుగారూ?"

"మన నెత్తి మీద నలభై మీటర్ల రాయి ఉంది. ఇక్కడ ఉన్న కప్పు అదే."

"అయితే దీనికి పన్ను రాదు!" అంది డాక్టరుగారి కూతురు రూతు. రూతుకు ఐదేళ్ళు. "బోసి ఉదిత, బోసి ఉదిత!" అని మిగతా ముగ్గురూ బల్లలు కొట్టారు.

నేను స్కేలుతో బల్ల మీద ఒకసారి కొట్టాక నిశ్శబ్దం. మామూలుగా అయితే ఉదిత ఈపాటికి రూతు జడ పట్టుకుని ఉండేది. ఇవాళ పలక వైపు చూస్తూ కూర్చుంది.

రోజు 2,906

డాక్టర్ యాకోబుగారు ఉదితకు దవడ ఎక్స్‌రే తీశారు. నన్ను లోపలికి పిలిచారు.

"టీచరుగారూ, ఇలా వెలుతురుకి పెట్టి చూడండి. ఇది పాలపన్ను. దీని కింద ఈపాటికి కొత్త పన్ను తెల్లగా, అచ్చు గుద్దినట్టు కనపడాలి."

పాలపన్ను కింద పొగలాంటిది కనిపించింది.

"లేదా?"

"ఉంది. మొగ్గ ఉంది. గట్టిపడలేదు." యంత్రం ఇచ్చిన అంకె చూపించారు. ఆ వయసు పిల్లల పన్నుకు వంద ఉండాలి. ఉదితకు నలభై ఒకటి.

మిగతా నలుగురికీ వెంటనే తీయమన్నాను. మధ్యాహ్నానికి అయింది. నలభై నాలుగు, నలభై ఎనిమిది, యాభై, యాభై రెండు. నలభై నాలుగు రూతుది. ఆ అంకె ఆయన రెండుసార్లు చదివారు.

ఎక్స్‌రేలు, ఈ పుస్తకం నకలు చక్రానికి పంపాం. చంద్రుడి చుట్టూ తిరిగే పెద్ద కేంద్రాన్ని మేం చక్రం అంటాం. అది గిర్రున తిరుగుతూ ఉంటుంది కాబట్టి దాని లోపల మనిషికి భూమి మీది బరువే ఉంటుంది. మా మందులు, మా అనుమతులు, ఆరు నెలలకొకసారి వచ్చే బండి, అన్నీ అక్కడి నుంచే.

రోజు 2,909

చక్రం నుంచి జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

"లోతూరు కొలతల పుస్తకం ప్రకారం ఐదుగురు పిల్లలకూ ఒక్క మోతాదు కూడా తప్పలేదు. అయినా పళ్ళు గట్టిపడలేదు. ఎముకల సంగతీ అంతే అని అనుకోవాలి. కనుక ఆ చోటు పిల్లలకు పనికిరాదు. ఐదుగురినీ 2,930వ రోజు బండిలో పంపండి. పద్దెనిమిదేళ్ళు నిండేవరకు ఇక్కడే పెరుగుతారు. తల్లిదండ్రులకు చోటు లేదు. పసిపిల్లలు నలుగురినీ మూడేళ్ళు నిండగానే పంపాలి. ఇకపై లోతూరులో కాన్పులకు అనుమతి లేదు. ఉదిత పన్ను ఊడగానే జాగ్రత్త చేసి అదే బండిలో పరీక్షకు పంపండి."

కాగితం నా కూతురు ప్రమీలకు ఇచ్చాను. ప్రమీల పైన, చంద్రుడి నేల మీద, సౌర పలకలు బాగుచేసే పని చేస్తుంది. అప్పుడే పనిసూటు విప్పి వచ్చింది. ముక్కు మీద దుమ్ము.

"పద్దెనిమిదేళ్ళా? అంటే పన్నెండేళ్ళ పాటు నా పిల్లని నేను చూడకూడదా?"

"పదకొండేళ్ళ ఎనిమిది నెలలు."

"అమ్మా!"

అంకె సరిచేయడం అలవాటై అన్నాను. అనకుండా ఉండవలసింది.

"ఒక్క మోతాదూ తప్పలేదంట," అంది ప్రమీల కాగితం మడుస్తూ. "నీ పుస్తకం చూసే రాశారు. అంత బాగా రాశావు."

ఇంకా ఇరవై ఒక్క రోజులు.

రోజు 2,911

పన్ను ఊడింది. జొన్నరొట్టె కొరుకుతుంటే ఊడిందట. ఆ సమయానికి నేను నీటి తొట్ల మట్టాలు కొలుస్తున్నాను. వచ్చేసరికి ఉదిత నోట్లో దూది ఉంది, పన్ను లేదు.

"పన్నేది?"

తల అడ్డంగా ఊపింది. డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తోంది. గది అంతా వెతికాను, దుప్పటి దులిపాను, చెత్తబుట్ట బల్ల మీద బోర్లించాను. సాయంత్రం ఐదింటికి ప్రమీల పని దిగి వచ్చాక తెలిసింది.

"నా దగ్గరకొచ్చి ఏడ్చిందమ్మా. చిక్కుడు మడిలో మట్టి తెచ్చింది, ఉల్లికాడ తెచ్చింది. ముద్ద తనే చేసుకుంది. పైకి వెళ్ళేదాన్ని నేనొక్కదాన్నే కదా. మన గది సరిగ్గా ఎక్కడుందో మ్యాపులో చూసి, దాని నెత్తిన నిలబడి విసిరాను."

"చక్రం వాళ్ళు ఆ పన్ను అడిగారు."

"తెలుసు."

"తెలిసీ విసిరావా? వెళ్ళి తీసుకురా."

"భూమి మీద విసిరినట్టే విసిరేశాను. అలవాటు పోలేదు. ఇక్కడ అది కింద పడదే! గుట్ట దాటి పోయింది." నవ్వబోయి ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వెళ్ళిపోయే పిల్ల ఒక్కటడిగింది. కాదనాలా?"

ఇంజనీరింగ్ చదివిన మనిషి ఇలా చేసింది. డాక్టరుగారికి నేనే వెళ్ళి చెప్పాను. పన్ను ఊడిన గడిలో "పన్ను లభ్యం కాలేదు" అని రాశాను.

రోజు 2,912

పొద్దున్నే ఉదితను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"కప్పు మీద వేస్తే పన్ను వస్తుందని నిజంగా నమ్మావా? అబద్ధం చెప్పకు."

"ఊరికే రాదని తెలుసు. నాకసలు రాదు. అందుకే వేయించాను."

"నీకెందుకు రాదు?"

కాలి బొటనవేలితో నేల రాసింది. "బిళ్ళలు తినలేదుగా."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎన్ని?" అని.

"తెలీదు."

"తెలీకపోవడమేమిటి?"

"లెక్కపెట్టేది నువ్వు కదా అమ్మమ్మా."

ఆ బిళ్ళలు ఏం చేశారో చూపించమని, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళమన్నాను. నీటి తొట్ల వెనక, గోడ శుభ్రం చేసే యంత్రం పట్టనంత సన్నటి సందు ఉంది. నేను అడ్డంగా నడిస్తే తప్ప దూరలేకపోయాను. లాంతరు ఎత్తాను. అక్కడ రాయి బొగ్గంత నలుపు. ఆ నలుపు మీద, నేల నుంచి పిల్లల చేతులు అందినంత ఎత్తు వరకు, తెల్లటి ముగ్గులు.

పదిహేడు చుక్కలవి, మెలికలవి, పద్మాలు, రథాలు. ఒకదాని మీద ఒకటి, చెరిపి మళ్ళీ వేసినవి. పద్నాలుగు నెలల కిందట సరిసంఖ్య, బేసిసంఖ్య నేర్పడానికి నేనే పలక మీద చుక్కల ముగ్గు వేసి చూపించాను. చుక్కలు లెక్కపెట్టి వేయమన్నాను. గోడ మీదవి లెక్కపెట్టి చూశాను. ఒక్క చుక్క తప్పలేదు.

మిగతా నలుగురూ వచ్చి సందు మొదట్లో నిలబడ్డారు.

"పలక మీదైతే తుడిస్తే పోతుంది టీచరుగారూ," అంది రూతు. "బిళ్ళ కాస్త తడిపి రాస్తే బాగా పడుతుంది. నాలుక కింద పెట్టుకుంటే తడుస్తుంది."

"నా కళ్ళ ముందే కదా వేసుకున్నారు! నేను అక్కడే ఉన్నానుగా!"

"మీరు చేతులు కట్టుకుని మింగండి అంటారు, టిక్కు పెట్టడానికి పుస్తకంలోకి చూస్తారు," అంది ఉదిత. "అప్పుడు తీసేస్తాం."

ముప్పై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పాను. పిల్లవాడి నోరు తెరిపించి చూడడం వాడిని దొంగను చేసినట్టని అనుకునేదాన్ని. నా మాట మీద మింగుతారని అనుకున్నాను.

రోజు 2,913

డాక్టరుగారి గదిలో ముగ్గురం కూర్చున్నాం. ప్రమీల సంతోషం పట్టలేకపోయింది.

"అయితే ఇంకేంటి! చోటు మంచిదే. పిల్లలు బిళ్ళలు తినలేదు, అంతే. ఇప్పుడే రాసి పంపేద్దాం."

"నమ్మరమ్మా," అన్నారు యాకోబుగారు. "ఆర్డరు వచ్చిన నాలుగో రోజున, పంపాల్సిన పిల్ల అమ్మమ్మే రికార్డు తప్పు అని రాస్తే ఎవరు నమ్ముతారు? ఊడిన పన్ను కూడా పంపలేదు మనం. టీచరుగారూ, మీరైతే నమ్ముతారా?"

"నమ్మను," అన్నాను.

చక్రం నియమం ఆయన చదివి వినిపించారు. మోతాదుల్లో సగం, ఆపైన తప్పినట్టు రుజువైతే ఆ రికార్డు పక్కన పెడతారు. సగానికి తగ్గితే రికార్డు నిలుస్తుంది. ముగ్గులు మొదలైనప్పటి నుంచి ఇప్పటికి 425 రోజులు. ఐదుగురికి 2,125 బిళ్ళలు. సగం అంటే 1,063.

"పిల్లల్ని అడిగితే?" అంది ప్రమీల.

అడిగాను. ఒకడు వంద అన్నాడు. ఒకతి వెయ్యి అంది. నాలుగేళ్ళ పిల్లకు పది దాటి లెక్క రాదు.

"గోడ గీకుదాం," అన్నాను. "బిళ్ళ గ్రాము. గోడ మీద ఎన్ని గ్రాములుంటే కనీసం అన్ని బిళ్ళలు."

రోజు 2,915

పొద్దున ఏడు నుంచి పదకొండు వరకు గీకాం. వెడల్పు కత్తితో నేను, కింద గుడ్డ పట్టుకుని డాక్టరుగారు. పిల్లలు చూస్తూ నిలబడ్డారు. రథం ముగ్గు చక్రాల దగ్గరకు వచ్చేసరికి రూతు "అది నాది, దాన్ని ఉంచెయ్యండి" అని ఏడ్చింది. ఉంచలేదు.

రాతిపొడిని వేరుచేసి, ఆరబెట్టి, త్రాసులో తూకపురాళ్ళు వేసి తూచాం. రాయికీ పొడికీ ఇక్కడ బరువు ఒకేలా తగ్గుతుంది కనుక త్రాసు అబద్ధమాడదు.

611 గ్రాములు.

మళ్ళీ తూచాం. 611. కొత్త ముగ్గు వేయడానికి పాతది తడిగుడ్డతో తుడిచారట, ఆ నీళ్ళు కాలవలో పోసేశారట. పోయినదాన్ని తూచలేం.

కావలసింది 1,063. తక్కువైంది 452.

యాకోబుగారు త్రాసు పక్కకు జరిపారు. తరవాత లేచారు. "నేను చేతులు కడుక్కొస్తాను. మన సబ్బు తొందరగా వదలదని మీకు తెలుసుగా. పది నిమిషాలు పడుతుంది." మందుల అలమార తాళంచెవి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు.

అలమారలో సున్నం బిళ్ళల డబ్బాలు మూడు ఉన్నాయి, డబ్బాకు రెండు వందలు. మందులు నూరే కల్వం ఆ పక్కనే ఉంది. గోడ మీది పొడికీ, అప్పుడే నూరిన పొడికీ తేడా చక్రంలో ఎవరూ కనిపెట్టలేరు. ఆరు వందల్లోంచి నాలుగు వందల యాభై రెండు తీస్తే నూట నలభై ఎనిమిది మిగులుతాయి. ఇంత లెక్కా నేను కుర్చీలోంచి లేవకుండానే వేశాను. వేయలేదని రాయను.

తాళంచెవి ఒకసారి చేతిలోకి తీసుకున్నాను. అది కూడా రాస్తున్నాను.

ఆయన తిరిగి వచ్చేసరికి పన్నెండు నిమిషాలైంది.

"ఎంతండీ?"

"ఆరు వందల పదకొండు."

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రూతుకి ఐదేళ్ళండీ."

"తెలుసు. పుట్టిన సమయం రాసింది నేనే."

"మరి పది నిమిషాలు మీకు..."

"డాక్టరుగారూ, నన్నొకటి చెప్పనివ్వండి. కారణం బిళ్ళలేనని నాకు అనిపిస్తోంది. తెలియదు. అనిపించడం వేరు. ఒకవేళ కారణం నిజంగా ఈ చోటే అయితే? నేను కలిపిన పొడి నమ్మి వాళ్ళు పిల్లల్ని ఇక్కడే వదిలేస్తే, పదేళ్ళప్పుడు మీ రూతు పరుగెత్తుతూ తొడ ఎముక విరిగి పడితే, అప్పుడు దేన్ని తూచి ఆ ఎముక అతికిస్తారు?"

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నారు. అరచేతులు తడిగా లేవు.

రోజు 2,916

చక్రానికి పంపిన లేఖ నకలు.

"నేను హైమవతి, లోతూరు కొలతల పుస్తకం రాసే మనిషిని. బిళ్ళల గడిలో నేను పెట్టిన ప్రతి టిక్కుకు, బిళ్ళ డబ్బాలోంచి తీసి పిల్లల చేతికిచ్చానన్నదే ఆధారం. పిల్లలు మింగడం నేను ఒక్కరోజు కూడా చూడలేదు. చూసినట్టు రాశాను. గోడ మీద దొరికిన పొడి 611 గ్రాములు. మీ నియమానికి ఇది చాలదని తెలుసు. ఇంకా ఎంత పోయిందో చెప్పలేను, ఊహించి రాయను. ఆ గడి మొత్తాన్ని నేను రద్దు చేస్తున్నాను."

పంపాక కూర్చుని, ఐదుగురి పేజీలూ తీసి, బిళ్ళల గడి పొడుగునా అడ్డగీత కొట్టి, ప్రతి పేజీ కింద "ఇది చెల్లదు" అని రాసి సంతకం చేశాను. నూట ముప్పై పేజీలు. ఉదిత పక్కనే కూర్చుని సిరా అద్దుడు కాగితం అందించింది.

"నా వల్లేనా అమ్మమ్మా?"

"నువ్వు చేసిన తప్పుకు నీకు వేరే శిక్ష ఉంది. ఇది నా తప్పు. పేజీ తిప్పు."

రోజు 2,921

జవాబు లేదు. బండికి తొమ్మిది రోజులు.

పిల్లకు నాలుగు కిలోల సామాను అనుమతి. ప్రమీల సర్దుతోంది, తీస్తోంది, మళ్ళీ సర్దుతోంది. తూస్తే 4 కిలోల 300 గ్రాములు. ఒక చొక్కా తీసేయమన్నాను. మూటలోంచి తన ఫోటో తీసి మంచం మీద పడేసింది. ఫోటో తిరిగి పెట్టి చొక్కా నేనే తీశాను.

చక్రంలో ఉదిత బరువు ఒక్కసారిగా ఆరింతలవుతుంది. తట్టుకోవడం అలవాటు చేయమని డాక్టరుగారు చెప్పారు. ఇసుక సంచులు భుజాలకు, నడుముకు, పిక్కలకు కట్టి నడిపించాను. పుట్టినప్పటి నుంచి లేడిపిల్లలా గెంతిన పిల్ల గోడ పట్టుకుని అడుగులో అడుగు వేసింది. పదకొండు అడుగులకు చతికిలబడింది.

"అక్కడ అందరూ ఇలాగే నడుస్తారా?"

"అందరూ. లే. మళ్ళీ."

లేచింది. పద్నాలుగు.

"మళ్ళీ."

"నా కాళ్ళు నావి కానట్టున్నాయి అమ్మమ్మా."

"మళ్ళీ," అన్నాను. అటు తిరిగి అన్నాను.

రోజు 2,928

బండి బయలుదేరిందని కబురు వచ్చింది. లేఖకు జవాబు మాత్రం రాలేదు.

పొడి తూచిన రోజు నాటి తాళంచెవి సంగతి ప్రమీలకు తెలిసింది. యాకోబుగారు చెప్పి ఉంటారు. వంటగదిలో, పప్పు కలుపుతూ, నా వైపు తిరక్కుండా మాట్లాడింది.

"నాలుగు వందల యాభై రెండు బిళ్ళలు."

"అవును."

"నూరడానికి ఎంతసేపు పడుతుందమ్మా? ఐదు నిమిషాలు?"

"ఆరేడు."

"ఆరేడు నిమిషాలు నువ్వు నాకోసం తప్పు చెయ్యలేకపోయావు." గరిటె సింకులో పడేసింది. "నీ నిజం నీ దగ్గర కూర్చుంటుందిలే, కబుర్లు చెబుతుంది. నా కూతురు నా దగ్గర ఉండదు."

కంచాలు మూడు పెట్టాను. ఎల్లుండి నుంచి రెండే పెట్టాలి కదా అన్న ఆలోచన వచ్చింది.

రోజు 2,929

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు జవాబు వచ్చింది. ప్రమీల చదవలేనంది. నేను పైకి చదివాను.

"611 గ్రాములు నియమానికి చాలవు. అయితే తప్పుడు సంఖ్య పంపదలచుకున్నవారు చాలినంత పంపి ఉండేవారు. రాసిన మనిషే చూడలేదని సంతకం చేసిన గడిని ఆధారంగా తీసుకోలేం. ఆ ఆధారం లేకుండా మా ఆర్డరు నిలవదు. అరవై రోజులు గడువు ఇస్తున్నాం. రోజూ ఇద్దరు సాక్షుల ఎదుట బిళ్ళలు ఇవ్వండి. అరవయ్యో రోజున ఉదిత కొత్త పన్ను అంకె అరవైకి చేరకపోతే ఐదుగురినీ ప్రత్యేక బండిలో రప్పిస్తాం. కాన్పుల అనుమతి సంగతి కూడా అప్పుడే. హైమవతి ఇకపై కొలతల పుస్తకం ముట్టరాదు."

ప్రమీల నేల మీద కూర్చుని ఏడ్చింది. ఉదిత వెళ్ళి సామాను మూట విప్పడం మొదలుపెట్టింది. విప్పొద్దు అన్నాను. అరవై రోజులు అలాగే ఉండాలి.

రోజు 2,930

బండి వచ్చింది, మందులు దింపింది, ఐదు సీట్లు ఖాళీగా పెట్టుకుని వెళ్ళింది.

పుస్తకం ప్రమీలకు అప్పగించాను. ఆమె, డాక్టరుగారు సాక్షులు. మొదటి రోజే గమనించాను, ప్రమీల ముందుగా టిక్కు పెట్టదు. "నోరు తెరువు. నాలుకెత్తు. ఇటు. ఇటు. ఇప్పుడు మాట్లాడు, ఏదైనా పాట పాడు," అంటుంది. పాడాకే కలం తీస్తుంది. నాకంటే బాగా చేస్తోంది.

ఇక్కడి నుంచి రాసేది నా సొంత కాగితం మీద. దీనికి గడులు లేవు.

రోజు 2,989

అరవయ్యో రోజు.

ఎక్స్‌రే తీసి ప్రమీల, యాకోబుగారు లోపలి గదిలోకి వెళ్ళారు. యంత్రం అంకె చెప్పడానికి ఎనిమిది నిమిషాలు. నాకు లోపలికి అనుమతి లేదు. బయట బల్ల మీద నేను, నా పక్కన ఉదిత. మూట తలుపు దగ్గర ఉంది, పోయినసారి కట్టిన ముడితోనే.

నెల రోజులుగా ఉదిత నోరు తెరిచి చూపించబోతే నేను తల తిప్పుకుంటున్నాను. పన్ను బయటికి రావడం వేరు, లోపల గట్టిపడడం వేరు. చూసి ఆశపడితే, ఆ తరవాత అంకె తక్కువ వస్తే, నా మొహం చూసి పిల్ల భయపడుతుంది.

"అమ్మమ్మా, వేలు పెట్టి చూడు."

"లోపల చూస్తున్నారు కదా."

"వాళ్ళు అంకె చూస్తున్నారు. నువ్వు నా నోట్లో చూడు."

చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాను. చూపుడువేలు కింది చిగురు మీద పెట్టాను. సన్నటి అంచు తగిలింది. పాలపన్నులా నున్నగా లేదు, చిన్న రంపంలా గరుకుగా ఉంది. అటూ ఇటూ రాశాను. కదల్లేదు.

"గట్టిగుందా?" అంది, నోట్లో నా వేలు ఉండగానే.

"తెలీదు."

కళ్ళు పెద్దవి చేసి నన్ను చూసింది. ఈ మాట నా నోటి నుంచి అది ఎప్పుడూ వినలేదు. తరవాత చటుక్కున కొరికింది.

నొప్పి మోచేతి దాకా వచ్చింది. తలుపు తెరుచుకుంది. ప్రమీల గడపలో నిలబడి ఉంది. చేతిలో ఎక్స్‌రే. "అరవై మూడు," అంది. ఆమె వెనక యాకోబుగారు గోడకు తల ఆనించి "రూతూ! రూతూ!" అని పిలుస్తున్నారు.

"అమ్మా, నీ వేలు... రక్తం వస్తోంది! ఉదితా, వదులు!"

"నువ్వుండవే," అన్నాను ప్రమీలతో. వేలు తీయలేదు.

"ఇంకా గట్టిగా కొరుకు," అన్నాను ఉదితతో.